శిలాఫలకం మీద శిల్పికి చోటేదీ?

సంపాదకులకు,

అయ్యా,

మా పొరుగు జిల్లాలోని ఒక పట్టణంలో ప్రభుత్వ కార్యాలయం ప్రహరీ గోడకు గత నెలలో వెల్ల వేశారు. గోడకు వెల్ల వేయడంలో వింతేమీ లేదు కానీ, ఆ గోడ మీద రెండేళ్ల కిందట ప్రభుత్వ సొమ్ముతోనే వేయించిన బొమ్మలున్నాయి. పందొమ్మిది రోజులు పరంజా మీద ఎండలో నిలబడి వాటిని వేసిన ముగ్గురిలో ఒకడు నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న కుర్రవాడు. నాట్లు వేస్తున్న ఆడవాళ్ల వరుసలో ముందున్న ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకున్న తీరు, ఆమె కాలు దిగినచోట నీళ్లు బురదగా మసకబారడం కూడా వాడు వదిలిపెట్టలేదు. వెల్ల వేసేముందు వాడికి ఒక్క ఫోనైనా చేయలేదు. అడగబోతే ‘బిల్లు అందింది కదా’ అన్నారట.

అందిన మాట నిజమే. చదరపు అడుగుకు ఇంతని లెక్కగట్టి, ప్లాస్టరింగును కొలిచినట్టే కొలిచి, పనుల కొలతలు నమోదు చేసే ఎం.బుక్‌లో రాసి, కాంట్రాక్టరు ద్వారా ఇచ్చారు. ఆ కాగితాల్లో చిత్రకారుల పేర్లు లేకపోగా, అది చిత్రమన్న మాట కూడా లేదు. ‘గోడకు రంగులు వేయు పని’ అని మాత్రమే ఉంది.

బిల్లు చెల్లించాక ఆ బొమ్మను ఏమైనా చేసుకోవచ్చునన్నది మన కార్యాలయాల్లో పాతుకుపోయిన నమ్మకం. చట్టం చెబుతున్నది మాత్రం వేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ప్రభుత్వం పురమాయించి చేయించుకున్న కృతికి, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రభుత్వమే తొలి హక్కుదారు; కానీ అదే చట్టంలోని 57వ సెక్షన్, కాపీరైటు చేతులు మారిన తరువాత కూడా, ఈ కృతి నాదని చెప్పుకునే హక్కును, తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కును, పరిహారం కోరే హక్కును కర్తకే ఉంచింది.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. ఆ చట్టం వచ్చిన 1957లోనే కేంద్ర ప్రభుత్వం ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కు ఒక కంచు కుడ్యశిల్పం పురమాయించింది. 140 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు ఉన్న ఆ శిల్పాన్ని ఆయన అయిదేళ్లు శ్రమించి 1962లో పూర్తి చేశారు. 1979లో భవనానికి మరమ్మతులు చేస్తూ, శిల్పికి కబురైనా చేయకుండా దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ఆ క్రమంలో అది ముక్కలైంది. విన్నపాలు పనిచేయకపోవడంతో ఆయన 1992లో కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగి అప్పగించాలని, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది. కృతిని ధ్వంసం చేయడం కూడా కర్త ప్రతిష్ఠకు భంగమేనని అందులో స్పష్టం చేసింది. ఢిల్లీలో పేరున్న శిల్పికే న్యాయం అందడానికి అన్నేళ్లు పడితే, చదరపు అడుగు లెక్కన పనిచేసే కుర్రవాడు ఏ కోర్టు మెట్లెక్కగలడు?

ప్రభుత్వానికి ఇబ్బందులు ఉండవని నేననడం లేదు. రోడ్డు వెడల్పు చేయవలసి రావచ్చు, గోడే పడిపోవచ్చు. 2017లో ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలను కూల్చినప్పుడు, దాని వాస్తుశిల్పి ఇదే సెక్షన్ కింద వేసిన దావాను అదే హైకోర్టు 2019లో తోసిపుచ్చింది కూడా. కనుక తీసేయవద్దని కాదు, చెప్పి తీసేయమని నా విన్నపం.

పేరు సంగతి మరీ దయనీయం. రాజ్యాంగ మూలప్రతిని చేతితో రాసిన ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా పారితోషికం వద్దని, ప్రతి పుటలో తన పేరు, చివరి పుటలో తన తాతగారి పేరు ఉంటే చాలన్నారు. ఆనాటి ప్రభుత్వం ఒప్పుకుంది. హుస్సేన్ సాగర్‌లోని బుద్ధ విగ్రహం ముందు ఫొటో దిగనివాడు మన రెండు రాష్ట్రాల్లో అరుదు, కానీ రాయగిరి రాతిలోంచి ఆ ఏకశిలా విగ్రహాన్ని మలచిన శిల్పుల బృందాన్ని నడిపించింది గణపతి స్థపతి అని ఎందరికి తెలుసు?

మా తెనాలిలో విగ్రహాలు చేసే కుటుంబాలు ఎన్నో. ఇనుప చువ్వల మీద మట్టి మెత్తి, నాయకుడి నుదుటి ముడతనూ కళ్లజోడు వంపునూ ఫొటోలతో సరిచూసుకుని, ముక్కు సన్నమైందని ఒకరు, భుజం దిగిందని ఒకరు అంటే మళ్లీ మొదలుపెట్టి, అచ్చు తీసి, మైనం పోసి, ఆ తరువాతే కంచు దాకా వస్తారు. ఇంతా చేశాక శిలాఫలకంలో ఆవిష్కర్త, సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, గౌరవ అతిథులు, వార్డు సభ్యుల దాకా ఉంటారు; శిల్పి ఉండరు.

రెండు రాష్ట్రాల పురపాలక, సాంస్కృతిక శాఖలు ఇకనైనా బొమ్మల పనిని సున్నాలు, రంగుల పద్దు నుంచి విడదీసి, చిత్రకారుడితో నేరుగా ఒప్పందం చేసుకోవాలి. కృతిని ఎన్నేళ్లు కాపాడతారో, మరమ్మతు ఖర్చు ఎవరిదో అందులోనే రాయాలి. తొలగించక తప్పనప్పుడు నెల ముందు కర్తకు రాతపూర్వకంగా తెలిపి, ఫొటోలు తీసి భద్రపరిచి, విగ్రహమైతే తిరిగి తీసుకునే అవకాశం ముందుగా శిల్పికే ఇవ్వాలి. వీటికి ఉత్తర్వులు రావడానికి కాలం పడుతుందంటే, పేరు చెక్కించడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు. శిలాఫలకాలు చెక్కేవారు అక్షరానికి ఇంతని తీసుకుంటారు. శిల్పి పేరు ఎంత పొడుగున్నా పది పన్నెండు అక్షరాలకు మించదు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టరు,
తెనాలి