హిమాలయాల్లో తప్పంతా వానదేనా?

సంపాదకులకు నమస్కారం.

ఏటా వానకాలంలో ఉత్తరాఖండ్, హిమాచల్‌ప్రదేశ్‌ల నుంచి వచ్చే వార్తల్లో ఒకటే మాట వినిపిస్తుంది: కుండపోత వానకు కొండచరియలు విరిగిపడ్డాయని. వాన కొండను కదిలిస్తుందన్నది నిజమే కానీ, ఆ కొండ అంత తేలిగ్గా ఎందుకు కదిలిందో చెప్పకపోతే వార్త సగంలో ఆగినట్టే.

భారత భూఫలకం (భూమి పైపొరలో కదిలే భారీ రాతి పలక) సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొన్నప్పుడు, మధ్యనున్న టెథిస్ సముద్రం అడుగున పేరుకున్న బురద, సున్నపురాయి ముడతలు పడి పైకి లేచాయి. పూజలో పెట్టుకునే సాలగ్రామం వదనంలోకి, అంటే దాని నోటి రంధ్రంలోకి, దీపపు వెలుగులో చూస్తే కనిపించే చక్రం చాలామటుకు ఆ సముద్రంలో బతికిన అమ్మోనైట్ అనే జీవి గుల్ల ముద్రే. ఎవరెస్టు కొనమీద ఉన్నదీ సముద్రపు సున్నపురాయే. ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల చొప్పున హిమాలయాల మీద ఆ నొక్కుడు నేటికీ సాగుతోంది. హిమాలయాల్లో ఎత్తైన హిమాద్రి శ్రేణి శిలలు, దానికి దక్షిణాన తక్కువ ఎత్తులో ఉన్న హిమాచల్ శ్రేణి శిలల మీదికి ఎక్కిన చోటును మెయిన్ సెంట్రల్ థ్రస్ట్ అంటారు. అక్కడ రాయి నలిగి, పొరలుగా విడిపోయి, నీటికి దారులిస్తుంది.

ఉత్తరాఖండ్‌లోని జోషిమఠ్ పట్టణం ఈ భ్రంశ మండలానికి (శిలలు విరిగి జరిగిన పగులు ప్రాంతానికి) చేరువలో, అదీ గట్టి రాతి మీద కాక, పాత కొండచరియ తెచ్చిపోసిన ఇసుక, బండల మేట మీద ఉంది. ఈ సంగతి 1976లోనే ప్రభుత్వం వేసిన మిశ్రా కమిటీ చెప్పి, భారీ కట్టడాలు వద్దనీ, బండలు తీయడానికి పేలుళ్లు జరపవద్దనీ, చెట్లు నరకవద్దనీ హెచ్చరించింది. ఆ మాట వినకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 2023 జనవరిలో అక్కడ వందలాది ఇళ్లు బీటలు వారాయి. అది వానకాలం కాదు. 2021 ఫిబ్రవరి 7న చమోలీ జిల్లాలో రోంటి శిఖరం పక్కనుంచి దాదాపు 2.7 కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు ఊడిపడి, తపోవన్ జలవిద్యుత్ ప్రాజెక్టు సొరంగంలోని కూలీలతో సహా 200 మందికి పైగా బలైనప్పుడూ వాన లేదు.

తిరుమల కనుమదారిలో 150 కోట్ల ఏళ్లు పైబడిన రాతిని చూస్తూ ఎక్కే మనకు, బదరీనాథ్ దారిలోని కొండ ఇంకా కుదుటపడలేదన్న ఊహ సులువుగా రాదు. చార్‌ధామ్ యాత్రకు మన రెండు రాష్ట్రాల నుంచీ ఎందరో వెళుతున్నారు. కనుక ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడల్లా ఆ చోటు ఏ శ్రేణిలో ఉంది, అక్కడి రాయి ఎలాంటిది, భ్రంశం ఎంత దూరంలో ఉంది, రోడ్డు కోసం కొండ పాదాన్ని తొలిచారా అన్న వివరాలతో ఒక చిన్న పటాన్ని కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి