అమ్మకీ నాన్నగారికీ, బోటు సంగతి

అమ్మా, నాన్నగారూ,

ఇద్దరికీ నమస్కారాలు. అక్క మీకు ఫోటో పంపేసిందట. నేనే మెల్లగా చెబుదామనుకున్నాను గానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కదా. ఫోన్లో మొదలెడితే అమ్మ "నీళ్ళు" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది, నాన్నగారు ఎంత పోశావంటారు, మధ్యలో చిన్నది ఫోను లాక్కుంటుంది. అందుకని కూర్చుని రాస్తున్నాను. మొత్తం చదివాకే తిట్టండి.

అవును, బోటు కొన్నాను. కొత్తది కాదు. 1955లో చేసిన చెక్క బోటు, 15 అడుగులు, మోటారు వెనక తగిలించుకునేది. పక్కింటి పెద్దాయనది. ఆయనే, నేను ఈ ఇంట్లో దిగిన మొదటి చలికాలం అడక్కుండానే మా వాకిట్లో మంచు ఎత్తిపోసినాయన.

ఆఫీసు బాగానే ఉంది. ప్రాజెక్టు మారింది, మేనేజరు మారాడు. దాని గురించి ఇంక చెప్పడానికేం లేదు.

అమ్మా, ముందు నీకు. నువ్వెందుకు భయపడతావో నాకు తెలుసు. చిన్న మావయ్య పేరు ఇక్కడ ఎత్తను. ఈ మిషిగన్ రాష్ట్రంలో చెరువులు 11,000 పైనే ఉన్నాయి. మాది వాటిల్లో చిన్నది, ఈ ఒడ్డున నిలబడి కేకేస్తే ఆ ఒడ్డున పలుకుతారు. సముద్రంలాంటి హ్యూరన్ సరస్సులోకి ఈ బోటు వెళ్ళదు, దించమని ఎవరడిగినా దించను. ఆరేళ్ళలోపు పిల్లల్ని లైఫ్ జాకెట్ లేకుండా బోటు డెక్కు మీద కూర్చోబెట్టకూడదని ఇక్కడ చట్టం. చిన్నదానికి ఏడు నిండాయి, అయినా జాకెట్ వేశాకే కాలు పెట్టనిస్తాను. మీ కోడలు జుట్టు నలుగుతుందని గొణుగుతుంది, గొణుగుతూనే వేసుకుంటుంది. నేనూ వేసుకుంటాను. పోయిన చలికాలం ముగ్గురం ఈత నేర్చుకున్నాం. నేనే అందరికంటే ఆలస్యంగా నేర్చుకున్నానని అక్క చెప్పే ఉంటుంది.

నాన్నగారూ, ఎంతిచ్చానో రాయను. పెద్దాయన ముందు ఊరికే తీసుకోమన్నాడు. మళ్ళీ మర్నాడు పొద్దున్నే వచ్చి, ఊరికే వచ్చిన బోటుని ఎవరూ సరిగ్గా చూడరు, ఎంతో కొంత ఇవ్వు అన్నాడు. 20 అడుగుల లోపు ఉండి, మోటారు విడిగా ఉన్న బోటుకి ఈ రాష్ట్రంలో టైటిల్ కాగితం కూడా అక్కర్లేదు. అమ్మినట్టు ఒక కాగితం రాసిచ్చాడు, రిజిస్ట్రేషన్ నా పేరు మీదికి మారింది, అంతే. కాగితం మీద పని అంత తేలిక. బోటు అప్పజెప్పడానికి మాత్రం ఆయనకి రెండు చలికాలాలు పట్టింది.

దాన్ని చేసింది లైమన్ అనే కంపెనీ, ఒహాయో రాష్ట్రంలో సాండస్కీ అనే ఊరు. ఎరీ సరస్సు ఒడ్డునే. ఎరీ లోతు తక్కువ సరస్సు, గాలి లేస్తే అలలు పొట్టిగా, దగ్గర దగ్గరగా లేచి బోటుని కుదిపేస్తాయి. అందుకని లైమన్ వాళ్ళు పక్క పలకల్ని పెంకుటింటి కప్పులా ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కేట్టు బిగించేవాళ్ళు. ఆ అంచులకి కొట్టుకుని నీళ్ళు మనిషి మీద పడకుండా బయటికి పోతాయి. లోపల ఓక్ కర్ర బద్దల్ని ఆవిరి పట్టి వంచి పక్కటెముకలుగా వేశారు. పైన డెక్కు మహోగని. బయట తెల్ల రంగు. నాన్నగారూ, ఆ వంపు చూస్తే మీరు చెయ్యి పెట్టకుండా ఉండలేరు.

దీన్ని కొత్తగా కొన్నది పెద్దాయన వాళ్ళ నాన్న. అప్పటికి ఈయన స్కూలు పిల్లాడు. ఈయన కొడుకు దీని వెనకే తాడు పట్టుకుని నీళ్ళ మీద స్కీయింగ్ నేర్చుకున్నాడు. మనవరాలికి కాళ్ళు నేలకి అందకముందే చుక్కాని చక్రం చేతికిచ్చాడు. ఆ వంశంలో నాలుగు తరాలూ ఒకే సీటు మీద కూర్చున్నాయి. మధ్యలో ఇంకో రెండు బోట్లు వచ్చాయి, పోయాయి. ఇది మాత్రం ఉంది.

ఒక బోటు దగ్గర ఇంట్లో పెద్ద గొడవే అయిందట. పెద్దాయన తమ్ముడు ఉన్నట్టుండి ఫైబర్‌గ్లాస్ బోటు తెచ్చాడు, బోస్టన్ వేలర్, 13 అడుగులది. 1958లో మొదలైందా రకం. రెండు పల్చటి పెంకుల మధ్య నురుగు గట్టిపడేట్టు పోస్తారు, కాబట్టి మునగదు. 1961లో లైఫ్ పత్రికలో ఆ కంపెనీ పెట్టిన డిక్ ఫిషర్ ఫోటోలు పడ్డాయి. బోటుని నీళ్ళల్లోనే రంపంతో రెండుగా కోయించి, దర్జాగా కూర్చునే ఉన్నాడు. అది చూసి తమ్ముడు చెక్కకి కాలం చెల్లింది పొమ్మన్నాడు. వాళ్ళ నాన్న ఆ ప్లాస్టిక్ తొట్టిని తన రేవులో కట్టనివ్వలేదట. ఇప్పుడా 1960ల నాటి వేలర్లని కూడా పాత బోట్ల సంఘం వాళ్ళు క్లాసిక్ కిందే లెక్కేస్తున్నారు. 1919 నుంచి 1942 దాకా చేసినవి యాంటిక్, 1943 నుంచి 1975 దాకా చేసినవి క్లాసిక్. చెక్కా ప్లాస్టిక్కా అన్నది వాళ్ళకి పట్టదు. ఈ మాట అంటే పెద్దాయనకి ఇప్పటికీ మొహం మాడిపోతుంది.

అమ్మా, మోకాలికి ఆ నూనె రాస్తున్నావా? డాక్టరు చెప్పిన వ్యాయామం మానేశావని నాన్నగారు చెప్పారు. మానకు.

మొదటి చలికాలం ఎలా గడిచిందో మీకు అప్పుడు చెప్పలేదు. అయిదున్నరకే చీకటి. మీ కోడలూ చిన్నదీ ఇంకా రాలేదు. ఆఫీసు నుంచి వచ్చి లైటు కూడా వేసుకోకుండా కూర్చునేవాణ్ణి. ఫోన్లో మీతో నవ్వుతూనే మాట్లాడేవాణ్ణి. ఒకరోజు పక్కింటి గ్యారేజీలో లైటు కనిపించింది. వెళ్తే ఆయన డెక్కుకి ఉప్పుకాగితం పడుతున్నాడు. ఏమీ అడక్కుండా ఒక ముక్క నా చేతికిచ్చి, నార వాలున మాత్రమే రుద్దు, అడ్డంగా కాదు అన్నాడు. అంతే. ఆ చలికాలమంతా సాయంత్రాలు అక్కడే. వార్నిష్ ఒక పూత వేస్తే ఆరాలి, మళ్ళీ సన్నటి కాగితంతో రుద్దాలి, దుమ్ము జిగురు గుడ్డతో తుడవాలి, మళ్ళీ పూత. ఆరేడు పూతలకి గానీ ఆ చెక్కలో లోతు కనిపించదు. ఎండ తగిలితే వార్నిష్ చచ్చిపోతుంది, కాబట్టి ఏటా పైన ఒకటో రెండో వేస్తూనే ఉండాలి. ఇద్దరం గంటకి నాలుగు మాటలు మాట్లాడుకునేవాళ్ళం. నాకు ఆ నాలుగే చాలేవి.

అందుకే అంటున్నాను, ఇది డబ్బు తగలేసిన పని కాదు.

నాన్నగారూ, ఇక్కణ్ణుంచి మోటారు సంగతి. ఈ పేరా అమ్మకి చదివి వినిపించకండి. ఎవిన్‌రూడ్ బిగ్ ట్విన్, 25 గుర్రాలది. పెట్రోలు ట్యాంకు విడిగా ఉంటుంది, దాన్నుంచి మోటారుకి జంట గొట్టం. ఒక దారిన మోటారు నుంచి ట్యాంకులోకి గాలి పోతుంది, ఆ ఒత్తిడికి రెండో దారిన పెట్రోలు వస్తుంది. మూత దగ్గర రబ్బరు వాషరు కాస్త పాతబడినా మోటారు దగ్గి ఆగిపోతుంది. అందుకని గొట్టాలూ వాషర్లూ అన్నీ కొత్తవి వేశాను, మంటలార్పే సీసా చేతికందేట్టు పెట్టాను. పెట్రోల్లోనే నూనె కలపాలి. 24 పాళ్ళకి ఒక పాలు, ఈ వయసు మోటారుకి కొందరు ఇంకా చిక్కగా కలుపుతారు. తర్వాత వచ్చిన వాటికి 50కి ఒకటి చాలు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పొయ్యకూడదు, అది గాల్లో తేమని లాక్కుని నీళ్ళతో కలిసి అడుక్కి దిగుతుంది, పాత గొట్టాల్ని మెత్తబరుస్తుంది. మీకు నచ్చేది ఇంకోటుంది. నీళ్ళల్లో తిరిగే ఫ్యానుకి షియర్ పిన్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. రాయికి తగిలితే గేర్లు విరక్కుండా అది తెగిపోతుంది. కొత్తది దూర్చుకుని ఒడ్డుకి రావచ్చు. దాని కోసం ఒక డబ్బా, ఒక కటింగ్ ప్లయరు ఎప్పుడూ సీటు కిందే.

ఈ మోటారు కంపెనీ పెట్టిన ఓలీ ఎవిన్‌రూడ్ కథ చిన్నది రోజూ చెప్పించుకుంటోంది. విస్కాన్సిన్‌లో ఒకాచీ అనే సరస్సు దగ్గర పిక్నిక్కుకి వెళ్ళాడట, తను ఇష్టపడ్డ పిల్ల ఐస్‌క్రీమ్ అడిగిందట, ఎండలో తెడ్డేసుకుంటూ వెళ్ళి తెచ్చేసరికి అంతా కరిగిపోయిందట. ఆ పిల్లనే పెళ్ళి చేసుకున్నాడు, 1909లో మోటార్లు అమ్మకానికి పెట్టాడు, లెక్కలన్నీ ఆవిడే చూసేది. ఐస్‌క్రీమ్ భాగంలో ఎంత నిజముందో గానీ చిన్నదానికి ఆ భాగమే కావాలి. ఆ పేరుతో మోటార్లు చేయడం 2020లో ఆపేశారు. పెద్దాయన ఆ వార్త విన్న రోజు గ్యారేజీ తలుపు తియ్యలేదు.

బావ ఇంటి స్లాబు పడిందా? నాకు ఎవరూ ఏమీ చెప్పరు.

పోయిన ఆగస్టులో పెద్దాయన మమ్మల్ని హెస్సెల్ అనే ఊరు తీసుకెళ్ళాడు. మాకినా బ్రిడ్జి దాటి వెళ్ళాలి, 1957లో కట్టింది, ఈ చివర్నుంచి ఆ చివరకి 5 మైళ్ళు. అమ్మ ఉంటే కళ్ళు మూసుకునేది. అక్కడ ఏటా ఆగస్టులో పాత చెక్క బోట్ల పండగ చేస్తారు. క్రిస్‌క్రాఫ్ట్ కంపెనీ బోట్లు వరసగా, అద్దంలో మొహం చూసుకోవచ్చు. ఆ కంపెనీ మా రాష్ట్రంలోనే, ఆల్గొనాక్ అనే ఊళ్ళో క్రిస్ స్మిత్ అనే ఆయనా కొడుకులూ పెట్టింది. ఆ బోట్లకి మాదానికంటే ముద్దెక్కువ. చలికాలమంతా ఎండిపోయి పలకలు విడిపోతాయి. వసంతంలో నీళ్ళల్లోకి దించాక తడికి ఉబ్బి అతుక్కునేదాకా పంపు ఆడుతూనే ఉండాలి. తెలియనివాడు చూస్తే మునిగిపోతోందని పోలీసులకి ఫోన్ చేస్తాడు. లోపల ఇంజనున్న వాటికి స్టార్ట్ చేసే ముందు నాలుగు నిమిషాలు గాలి ఫ్యాను ఆడించాలి, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. మాది వెనక మోటారే కదమ్మా, అంత బాధ లేదు.

అక్కడ నేను బోట్ల కంటే మనుషుల్నే ఎక్కువ చూశాను. బోటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. సీటు మీద ఒక పాత ఫోటో పెడతారు, అదే బోటులో వాళ్ళ తాత. మనవడు గుడ్డ పెట్టి ఇత్తడి తుడుస్తూ ఉంటాడు. కొననా అని అడిగితే కొందరికి కోపం వస్తుంది. ఇంకొందరికి పిల్లల్లేరు, ఉన్నా వాళ్ళకి అక్కర్లేదు. వాళ్ళ మొహం చూడలేం. పెద్దాయన తిరుగు దారిలో ఏమీ మాట్లాడలేదు. కొడుకు అరిజోనాలో ఉన్నాడు, చుట్టూ ఎడారి. ఈయన్నీ రమ్మంటున్నాడు. మనవరాలికి బోటంటే ప్రాణం, కానీ ఇంకా చదువుకుంటోంది, అద్దె గది. దాన్ని ఎక్కడ పెట్టుకుంటుంది?

సెప్టెంబరులో అడిగాడు, తీసుకుంటావా అని. రెండు షరతులు. డెక్కు చెక్కకి రంగు వెయ్యకూడదు. మనవరాలికి ఇల్లూ గ్యారేజీ అమరి, నాకు కావాలి అన్న రోజున నేను కొన్న ధరకే ఆ పిల్లకి ఇవ్వాలి. రాసివ్వనా అన్నాను. వద్దన్నాడు. మీ కోడలు పక్కనే ఉంది, మరి అప్పటిదాకా పెట్టిన ఖర్చో అని తెలుగులో నా చెవిలో అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. నాన్నగారూ, ఇది తెలివితక్కువ బేరమని మీరంటారు. తాతయ్య స్కూటర్ని మీరు ఇన్నేళ్ళూ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు, బావ అడిగినా ఇవ్వలేదు. కాబట్టి ఈ విషయంలో మీరు నన్ను ఏమీ అనడానికి లేదు.

ఆయన అక్టోబరులో వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ళు. మంచివాళ్ళే. ఆయన అక్కణ్ణుంచి ఇక్కడి వాతావరణం చూస్తూ ఉంటాడు, వానొస్తుందని ఉంటే చాలు ఫోన్ చేస్తాడు. కవరు తాడు బిగించావా, పంపులో రబ్బరు రెక్కలు మార్చావా, మోటారులో నీళ్ళు మొత్తం కారాయా, లేకపోతే గడ్డకట్టి పగులుతుంది. అన్నీ చేశానంటాను. మళ్ళీ ఇంకోసారి అడుగుతాడు. ఒక్కోరోజు మీ ఫోనూ ఆయన ఫోనూ ఒకేసారి వస్తాయి. మీ ఫోను ఎత్తనప్పుడు అదే కారణం, వేరే అనుకోకండి.

వీసా వస్తే జూన్ చివర్లో రండి. మే నెలలో వద్దు, నీళ్ళు ఇంకా చల్లగా ఉంటాయి. అమ్మ బోటెక్కనక్కర్లేదు, ఒడ్డున కుర్చీ వేస్తాను. నాన్నగారు మాత్రం ఆ నల్ల సోలు బూట్లు తేవద్దు. వార్నిష్ మీద మరకలు పడితే పోవు. తెల్ల సోలువి కొనుక్కోండి, లేదా వట్టి కాళ్ళతో ఎక్కండి. మందుల చీటీలు ఇంగ్లీషులో రాయించుకుని సంచిలో కాదు, చేతిలో పెట్టుకోండి.

మీ
చిన్నోడు