సంచి ఎవరి చేతిలో ఉంది?

సంపాదకులకు,

అయ్యా,

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల సువార్త కూటాలకు పందిళ్లు పడినప్పుడల్లా ‘పాస్టరుగారికి డబ్బాశ’ అని ఒకరు, ‘దైవజనుణ్ని అనకూడదు’ అని ఇంకొకరు వాదించుకుంటారు. మనిషి ఉద్దేశం ఎవరికీ కనిపించదు. కానుక సంచి ఎటు పోతోందో మాత్రం కనిపిస్తుంది. క్రైస్తవ సంఘాల లెక్కలు రాసేవాళ్లం కాబట్టి ఆ సంచి సంగతే చెబుతాం.

ఆరాధన ముగియగానే, జనం ఇంకా ఉండగానే కానుకలు లెక్కపెట్టాలి. ‘ఇంటికెళ్లి తీరిగ్గా చూద్దాం’ అన్న రోజే లెక్క చెడుతుంది. కనీసం ఇద్దరు కూర్చోవాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, పాస్టరుగారు ఆ బల్ల దగ్గరికి రాకూడదు. అయిదొందల నోట్లెన్ని, రెండొందలవెన్ని, చిల్లరెంత అని రెండు ప్రతులు రాసి సంతకాలు పెట్టాలి. ఒకటి కోశాధికారికి, ఒకటి కార్యదర్శికి. సోమవారం ఆ మొత్తం రూపాయి తగ్గకుండా బ్యాంకులో పడాలి. ఎక్కువ సంఘాలు జారేది ఇక్కడే. కరెంటు బిల్లనీ, కుర్చీల అద్దె అనీ, వచ్చిన ప్రసంగీకుడి బస్సు ఛార్జీ అనీ సంచిలోంచే తీసిస్తారు. ఖర్చు నిజమే కావచ్చు, కానీ ఆ డబ్బు వచ్చినట్టూ రాయరు, పోయినట్టూ రాయరు. చిల్లర ఖర్చులకు నెలకింతని చెక్కు మీద తీసుకుని రసీదులు చూపితే ఈ బాధ ఉండదు.

తిరుమలలో హుండీ కానుకలు లెక్కించే పరకామణిలో జేబుల్లేని బట్టలతో కూర్చోబెట్టి లెక్కపెట్టిస్తారు. అంత కట్టుదిట్టం ఉన్నచోటే 2023లో దొంగతనం బయటపడి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ‘మావాళ్లంతా నమ్మకస్తులే’ అన్న మాట తప్ప ఇంకో తాళం లేని సంఘాల మాటేమిటి?

ఇప్పుడు సంచి కంటే పెద్ద చిల్లు క్యూఆర్ కోడ్. స్కాన్ చేశాక ఫోన్‌లో వచ్చే పేరు చదవండి. పాస్టరుగారి పేరో, ఆయన కొడుకు పేరో వస్తే బ్యాంకు దృష్టిలో అది వాళ్ల సొంత డబ్బే. రిజిస్టరైన సొసైటీ పేరున పాన్, ఆ పాన్ మీద ఖాతా, ఇద్దరు సంతకం చేస్తేనే డబ్బు కదిలే ఏర్పాటు ఉండాలి. మందిరం స్థలమూ అంతే. వ్యక్తి పేరున రాయించుకుంటే ఆయన తర్వాత వారసులది అవుతుంది, చందాలిచ్చినవాళ్లు వీధిలో నిలబడతారు.

బైబిల్లో ఎలీషా ప్రవక్త సేవకుడైన గేహజీ సంగతి విశ్వాసులందరికీ తెలుసు. కుష్ఠు నయమైనందుకు నయమాను ఇవ్వబోయిన కానుకను గురువు వద్దన్నాక, అతని వెంట పరుగెత్తిన గేహజీ తన కోసమని అడగలేదు. ఇద్దరు యువకులు వచ్చారని, వాళ్లకివ్వాలని, అదీ గురువుగారి మాటగా చెప్పి వెండీ బట్టలూ పట్టుకెళ్లాడు. అనాథ పిల్లల ఫొటోలు చూపించి చందా అడిగితే రసీదు మీద ‘అనాథాశ్రమం కోసం’ అని రాయించుకోండి. రాయడానికి నసిగితే ఇవ్వొద్దు. యెరూషలేము పేదల చందాను అపొస్తలుడైన పౌలు కూడా ఒక్కడే మోసుకెళ్లలేదు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట ఉంచుకున్నాడు. పౌలుకు కావలసిన సాక్షి మన పాస్టర్లకు అక్కర్లేదా?

రోగాలు నయమవుతాయంటూ, ప్రార్థన చేసిన ‘అభిషేక తైలం’ సీసాకు ధర కట్టే కూటాల గురించి ఒక్క మాట. మహిమ ఉందంటూ తాయెత్తులూ మంత్రాలూ చూపి షుగర్, క్యాన్సర్, పక్షవాతం నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. సీసాలో పోస్తే చట్టం మారదు.

తప్పంతా పాస్టర్లదే అనడం అన్యాయం. చాలాచోట్ల సంఘం ఆయనకు జీతమే కట్టదు, ‘వచ్చినదాంట్లో సగం మీది’ అంటుంది. అప్పుడు ప్రసంగం సంచి బరువును బట్టి నడుస్తుంది, డబ్బున్నవాడి తప్పు మీద వాక్యం రాదు, ఇచ్చినదానికి దేవుడు ఎన్నో రెట్లు తిరిగిస్తాడనే ‘విత్తన కానుక’ మాట మాత్రం వారం వారం వస్తుంది. ఇంటద్దె, పిల్లల ఫీజులు లెక్కలోకి తీసుకుని పెద్దలు తీర్మానం రాసి, నెల మొదటి వారంలో ఆయన ఖాతాకు జీతం వేయాలి. ఆ అంకెను మిగతా లెక్కలతోపాటు నోటీసు బోర్డు మీద పెట్టాలి.

– సంఘ కోశాధికారులం, చిత్తూరు