పోపుకు పనికిరాని నెయ్యి గురించి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: లీటరు సీసా నెయ్యిలో తేమ మిగిలి ఉండటం, దాని గురించి ఫోనులో మీవాళ్లు తప్పు సమాధానం ఇవ్వడం

నమస్కారం.

మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. ఎంతోకాలంగా మా ఇంట్లో మీ నెయ్యే వాడుతున్నాం. అన్నంలో కలుపుకోవడానికి మాత్రమే కాదు, చారుకు పోపు, పప్పుకు తాలింపు, పొద్దున ఉప్మా, మిరియాల పొంగలి, పాపకు వేసే అట్టు, అన్నీ నేతితోనే చేస్తాం. సీసా మీద కూడా రోజువారీ వంటకు, తాలింపుకు అని మీరే వేశారు.

ఈసారి కొన్న సీసాలోని నెయ్యి పొయ్యి మీద పెట్టగానే తేడా తెలిసింది. పోపు గరిటె వేడెక్కీ వేడెక్కకముందే, అందులో ఇంకా ఆవాలు, జీలకర్ర వేయకుండానే, చిటపటలాడి బయటికి చిమ్మింది. మా అత్తయ్య గారి చేతి మీద పడి బొబ్బలు లేచాయి. తర్వాత తెల్లగా నురగ పొంగింది. అది తగ్గేసరికి అడుగున నల్లటి నలకలు, మాడు వాసన. ఆ పోపు వేసిన చారు ఎవరూ తినలేకపోయారు.

అత్తయ్య గారు ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇంట్లోనే వెన్న తీసి కాచేవారు. చూడగానే "ఇది సరిగ్గా కాగలేదమ్మా" అన్నారు. ఆవిడ మాట నిజమని నా నమ్మకం. వెన్నలో సుమారు ఆరో వంతు నీళ్లే ఉంటాయి. కాచేటప్పుడు వినిపించే చిటపటలు ఆ నీళ్లు ఆవిరవుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఆగి, బుడగలు సన్నబడి, అడుగున మడ్డి గోధుమరంగుకు తిరిగాక దించి వడగడతారు. అలా కాగిన నెయ్యి మళ్లీ వేడి చేస్తే చిటపటలాడదు. నీళ్లూ, పాల మడ్డీ పోయాయి కాబట్టే మంచి నెయ్యి సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాకా పొగ రాకుండా నిలుస్తుంది. వెన్న అయితే 175 డిగ్రీల లోపే మాడటం మొదలవుతుంది. పోపుకు వెన్న కాకుండా నెయ్యి వాడేది ఇందుకే.

అనుమానం తీరడానికి ఆ సీసాలోంచి సగం నెయ్యి అడుగు మందం గిన్నెలో పోసి సన్న మంట మీద మళ్లీ కాచాం. చాలాసేపు చిటపటలాడుతూనే ఉంది. ఆగాక చూస్తే అడుగున మడ్డి దిగింది. వడగట్టి దాంతో పోపు పెడితే చిమ్మలేదు, మాడలేదు. తప్పు మా గరిటెదీ కాదు, మంటదీ కాదు. మీ ఫ్యాక్టరీలో పూర్తికావాల్సిన పని పూర్తికాకుండానే సీసా బయటికి వచ్చింది.

కల్తీ అని నేను అనడం లేదు. వాసన, రుచి పాల నేతివే. కానీ దేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం ప్రకారం నెయ్యిలో తేమ 0.5 శాతం మించకూడదు, పాల కొవ్వు 99.5 శాతానికి తగ్గకూడదు. తేమ మిగిలిన నెయ్యి త్వరగా పాడవుతుంది కూడా. చెన్నై ఉక్కలో మూత తీసిన సీసా సంగతి వేరే చెప్పాలా?

ఇంతకంటే బాధ కలిగించింది మీ కస్టమర్ కేర్ వాళ్ల మాట. "నెయ్యి వేడి చేయకూడదు మేడమ్, వడ్డించేటప్పుడు పైన వేసుకోవడానికే" అన్నారు. తెలుగు ఇళ్లలోనే కాదు, ఈ ఊళ్లో పొంగల్ చేసే ప్రతి ఇంట్లోనూ మిరియాలు, జీలకర్ర, జీడిపప్పు నేతిలోనే వేయిస్తారు. చిన్నపిల్లల తల్లులు ఎవరైనా ఫోన్ చేస్తే వాళ్లకూ ఇదే చెబుతారా? నెయ్యి అమ్మే సంస్థ నుంచి ఇలాంటి మాట రాకూడదు.

నాకు డబ్బు వాపసు ముఖ్యం కాదు. ఈ బ్యాచ్ నెయ్యిలో తేమ ఎంత ఉందో మీ ల్యాబ్ రిపోర్టు పంపండి. ప్రమాణం దాటి ఉంటే దుకాణాల్లో మిగిలిన సీసాలు వెనక్కి తీసుకోండి, ఎందుకంటే వేడి నెయ్యి చిమ్మితే కళ్లలో కూడా పడొచ్చు. ఫోన్ ఎత్తేవాళ్లకు మీ సరుకు గురించి సరైన విషయం నేర్పండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ కింద కొన్నవాళ్లు కూడా సరుకును పరీక్షకు పంపుకోవచ్చు, ఆ పని కూడా చేస్తాను. మిగతా సగం నెయ్యి కదపకుండా అదే సీసాలో దాచి ఉంచాను. మీ మనిషి వచ్చి శాంపిల్ తీసుకుంటానంటే ఇస్తాను, కానీ మొత్తం సీసా ఇవ్వను.

బిల్లు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించే ఫోటోలు, నెయ్యి చిటపటలాడుతున్నప్పుడు తీసిన వీడియో జత చేస్తున్నాను.

ఇట్లు,
మీ పాత వినియోగదారు,
పెరంబూరు, చెన్నై