క్యాన్సర్ అంటురోగం కాదు

సంపాదకులు గారికి,

క్యాన్సర్ వచ్చిన మా బంధువు ఒకామె తాగే గ్లాసును ఇంట్లోవాళ్లే విడిగా పెట్టడం ఈమధ్య చూశాను. చదువుకున్నవాళ్లే! అందుకే ఈ ఉత్తరం.

ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి పాకేది కాదు, మన సొంత కణాలు దారి తప్పడమే. కణం రెండుగా చీలే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీసుకోవాలి. అందులో తప్పులు దొర్లుతుంటాయి. పొగాకు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటిని ఇంకా పెంచుతాయి. చాలావాటిని కణమే సరిదిద్దుకుంటుంది. బాగుపడని కణాన్ని చనిపోయేలా చేసే పీ53 లాంటి జన్యువులూ ఉన్నాయి. ఆ కాపలా జన్యువే పాడైతే అదుపు తప్పినట్టే. ఇలాంటి తప్పులు పోగవడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. పెద్ద వయసులో ఈ జబ్బు ఎక్కువ కనిపించేది అందుకే.

అలా అదుపు తప్పిన కణాలు పెరిగి గడ్డ కడతాయి. ఆ గడ్డ పెరిగేకొద్దీ తనవైపు కొత్త రక్తనాళాలను కూడా రప్పించుకుంటుంది, దొంగ కరెంటు లాగినట్టు. కొన్ని కణాలు రక్తంలోనో లింఫ్ అనే ద్రవం పారే నాళాల్లోనో కొట్టుకుపోయి ఎముకల్లో, కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పాగా వేస్తాయి. రొమ్ము నుంచి ఊపిరితిత్తులకు పాకినా అది రొమ్ము క్యాన్సరే, వైద్యమూ దానికి తగ్గట్టే ఉంటుంది.

మనిషి చిక్కిపోవడం తిండి తగ్గినందువల్లే కాదు, జబ్బే కండను కరిగిస్తుంది. "సరిగ్గా తినడం లేదు" అని రోగిని సతాయించేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ అంటుకుంటుంది కదా అని ఒకరు నాతో వాదించారు. అంటుకునేది వైరస్, క్యాన్సర్ కాదు. అదీ గ్లాసు వల్ల కాదు, ముఖ్యంగా లైంగిక సంబంధాల వల్ల. దానికి టీకా కూడా ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు