సెన్సర్ తీగ ఎక్కడ కట్టారో ఎవరైనా చూశారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా ఫ్లైఓవర్ గర్డర్లని, అంటే రోడ్డుని మోసే దూలాలని, జాకీలతో లేపి వాటి కింది బేరింగు దిమ్మలు మార్చే పని గురించి పోయిన వారం మీ బెంగళూరు పేజీలో వేసిన వార్త ఆలస్యంగా చదివాను. జాకీలన్నీ కంప్యూటరే చూసుకుంటుంది, భయం లేదని రాశారు. ఇక్కడి పీణ్యా పారిశ్రామికవాడలో 26 ఏళ్లు హైడ్రాలిక్ జాకీలు బాగుచేసినవాణ్ణి, ఆ మాట మింగుడు పడలేదు.

అన్ని జాకీలకీ ఒకే ప్రెషర్ ఇచ్చినంత మాత్రాన గర్డర్ సమంగా లేవదండీ. బరువు తక్కువున్న మూల ముందు లేస్తుంది, ఎక్కువున్న మూల కదలదు. అందుకే ఒక్కో జాకీ దగ్గర ఎంత లేచిందో కొలిచే సెన్సర్ పెడతారు. ముందుకు పోయిన జాకీకి కంట్రోలర్ నూనె ఆపేస్తుంది, వెనకబడింది అందుకున్నాక మళ్లీ వదులుతుంది. లేపేది కొన్ని మిల్లీమీటర్లే, కానీ మూలమూలకీ తేడా వస్తే కాంక్రీటు మెలిపడి పగులుతుంది. సెన్సర్ ఏం చెబితే కంప్యూటర్ అదే నమ్ముతుంది.

మొన్న మంగళవారం పొద్దున పాలకెళ్తూ ఆగి చూశాను. తీగ సెన్సర్ అంటే ఒక పెట్టె, అందులోంచి వచ్చే తీగ కొసను గర్డర్‌కి కడతారు, గర్డర్ లేచేకొద్దీ తీగ ఎంత బయటికొచ్చిందో అది కొలుస్తుంది. ఆ పెట్టెను జాకీ నిలబెట్టిన ఇనప స్టూలుకే క్లాంపు వేసి బిగించారు. బరువు పడి స్టూలు కింద ప్యాకింగ్ నలిగి 2 మిల్లీమీటర్లు దిగిందనుకోండి, జాకీ 5 పొడుచుకొస్తే గర్డర్ లేచేది 3, సెన్సర్ చూపించేది మాత్రం 5! ఆ పెట్టె ఉండాల్సింది జాకీ బరువు పడని చోట, విడిగా. తీగ కూడా నిట్టనిలువుగా లేదు, ఏటవాలుగా పోయి నూనె పైపుకి రాసుకుంటోంది. అలా ఉంటే అసలు లేచినదానికంటే తక్కువ చూపిస్తుంది. సరిచూసుకోడానికి పక్కన ముల్లుతో కదలిక చూపించే డయల్ గేజ్ ఒక్కటైనా లేదు.

అక్కడ తీగకంటిన గ్రీజు బొటనవేలితో తుడుస్తున్న కుర్రాణ్ణి అడిగాను, మన తెలుగబ్బాయే. "క్లాంపు పట్టే చోటు అదొక్కటే దొరికింది సార్" అన్నాడు. వాణ్ణి ఏమనగలం? చూపించాల్సిన ఇంజనీరు ఏడీ? 2018 డిసెంబర్‌లో ట్రినిటీ స్టేషన్ దగ్గర మెట్రో కాంక్రీటులో గుల్లలు బయటపడ్డాయి, 2021 డిసెంబర్‌లో పీణ్యా ఫ్లైఓవర్ మూసేశారు, ఎన్ని నెలలు తిప్పలు పడ్డామో అందరికీ గుర్తే. అయినా తీరు మారలేదు. సెన్సర్ల పేరు టెండర్లో ఉంటుంది, బిల్లులో ఉంటుంది, సరిగ్గా బిగించారా అని వంగి చూసేవాడే ఉండడు. హెల్ప్‌లైన్‌కి మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. సర్వీస్ రోడ్డంతా దుమ్ము, బస్టాపు ఎక్కడికి మార్చారో చెప్పే బోర్డు లేదు, మా వీధిలో పెద్దవాళ్లు ఆటోలకి డబ్బులు పోసుకుంటున్నారు.

మిగతా స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, ఆదివారం రాత్రి లేపుతారట. ఆలోగా సెన్సర్లు విప్పి మళ్లీ బిగించండి. జాకీలు గర్డర్‌కి ఆని కొంత బరువు పట్టాకే సెన్సర్లకి జీరో పెట్టండి. ఒక్కో జాకీ ఎంత లేచిందో ఆ రీడింగులు ఫ్లైఓవర్ కింద బోర్డు మీద అతికించండి. కన్నడలో రాసినా చదువుకుంటాం.

— ఒక పాఠకుడు, బెంగళూరు