శీనుకు, కాంటా చీటీ సంగతి

హనుమకొండ,
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకునే ఉంటావు, తిట్టు, తప్పు నాదే. బతుకమ్మ, దసరా, ఆ వెంటనే పత్తి సీజన్. అమ్మ మోకాళ్లు కొంచెం నయం. చెల్లికి కాజీపేటలోనే ఉద్యోగం దొరికింది. మిగతావి ఫోన్లో చెప్తా. ఈ ఒక్కటి మాత్రం రాసే చెప్పాలి.

మేం ఒక జిన్నింగ్ మిల్లుకు సాఫ్ట్‌వేర్ చేస్తున్నామని చెప్పా కదా. పత్తి బండి కాంటా ఎక్కుతుంది, సరుకు దించాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది, తేడా చూసి బిల్లు. కాంటా భాగం నాది, బిల్లు భాగం నా పక్క సీటు తమ్ముడిది. మిల్లులో కొత్త కాంటా పెట్టారు. పాతది క్వింటాళ్లలో చెప్పేది, ఇది కిలోల్లో. నా టేబుల్లో బరువు కాలమ్‌ను కిలోలకు మార్చా. నా స్క్రీన్లన్నీ చూసుకున్నా, బాగానే ఉన్నాయి. రాత్రి ఆ మార్పు మిల్లు సిస్టమ్‌లోకి ఎక్కించేసి పడుకున్నా.

పొద్దున పదకొండుకు ఫోన్. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బండిలో పన్నెండు క్వింటాళ్ల నలభై కిలోల పత్తి. క్వింటాలుకు రేటు ఏడు వేలు. రావాల్సింది 86,800. చీటీ మీద పడింది 86,80,000! ఆయన చీటీని వెలుతురుకు పట్టుకుని, ఒక్కో అంకె మీద గోరు పెట్టి చదువుకుని, "ఇది నాది కాదు బిడ్డా, ఎవలదో నాకిచ్చినవ్" అని తిరిగి కౌంటర్ మీద పెట్టాడట. నేను పోయేసరికి గేటు పక్కన వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "నా చీటీ దొరికిందా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదురా. ఆయన వెనక రోడ్డు దాకా బండ్లు. రాత్రి తొమ్మిదింటి దాకా బిల్లులన్నీ చేత్తో రాసిచ్చాం.

తర్వాత వెతికితే ఆ కాలమ్‌ను బిల్లు ఒక్కటే కాదు, స్టాకు, రైతుల ఖాతా, నెల రిపోర్టు కూడా క్వింటాళ్లే అనుకుని నేరుగా చదువుకుంటున్నాయి. నాలుగు చోట్ల! ఎవరూ నన్ను అడగలేదు. అడిగే పనే లేకుండా తలుపు తీసిపెట్టింది నేనే.

ఆ రాత్రి ఫైనలియర్లో నువ్వు జెరాక్స్ తీయించి ఇచ్చిన పార్నస్ వ్యాసం, అదే ప్రోగ్రామును భాగాలుగా ఎలా కోయాలో చెప్పేది, బయటికి తీశా. 1972ది. వెనక పేజీలో నీ గుండు సున్నా ఇంకా ఉంది, ఎవరి గురించో నీకూ నాకూ మాత్రమే తెలుసు. అప్పుడు పరీక్ష కోసం చదివా, ఇప్పుడు ఒక్కో లైను నా గురించే రాసినట్టుంది. ఆయన చిన్న ప్రోగ్రామే తీసుకుంటాడు, గుర్తుందా? కొన్ని వాక్యాలు తీసుకుని, ఒక్కో పదం ముందుకొచ్చేలా తిప్పి, అక్షర క్రమంలో పేర్చి ఇవ్వాలి. పని జరిగే వరుసలో కోస్తే చదివేది, తిప్పేది, పేర్చేది, అచ్చువేసేది, అన్నింటికీ వాక్యాలు మెమరీలో ఎలా ఉన్నాయో తెలిసి ఉండాలి. ఆ అమరిక మారిస్తే అన్నీ కదులుతాయి. అలా కాకుండా, రేపు మారేలా ఉన్న నిర్ణయం ఒక్కోదాన్ని ఒక్కో భాగంలో దాచిపెట్టమంటాడు. అప్పుడు మారేది ఆ ఒక్కటే. మేం చేసిందేమిటి? కాంటా, బిల్లు, ఖాతా అని పని వరుసలోనే కోశాం. మారేది కాంటా మెషిన్ అని ఒక్కరికీ తట్టలేదు.

మెల్విన్ కాన్వే అనే ప్రోగ్రామర్ 1968లో అన్నది కూడా నిజమే. మనుషులు ఎలా మాట్లాడుకుంటారో వాళ్లు కట్టే సిస్టమ్ కూడా అలాగే తయారవుతుంది. మా ఇద్దరి కుర్చీలకు మధ్య జానెడు దూరం. "అన్నా, బరువు కాలమ్ పేరేంది?" అన్నాడు, చెప్పేశా. మా రెండు భాగాల మధ్య ఒప్పందం అంటే అదే! వాడు వేరే గదిలో ఉండుంటే ఒక కాగితమన్నా రాసుకునేవాళ్లం.

మొన్న ఆదివారం ఊరికి పోయి చెరువు తూము దగ్గర చాలాసేపు కూర్చున్నా. ఆయకట్టు రైతుకు చెరువు లోతెంతో, పూడిక ఎంతుందో అక్కర్లేదు. నీళ్లు కావాలంటే నీరటి తాతకు చెప్తాడు, ఆయన తూము తీస్తాడు. నా పొలానికి దగ్గరని కట్టకు గండి కొట్టే మనిషి ఊళ్లో ఎవడూ లేడు. నేను నాలుగు గండ్లు వదిలేశా శీనూ, అదీ నా బాధ.

ఇప్పుడు మార్చేశాం. నా టేబుల్ ఎవరికీ కనపడదు. చీటీ నంబర్ ఇస్తే నా భాగం బరువు, దాని పక్కనే అది కిలోలా క్వింటాళ్లా అన్నది కూడా ఇస్తుంది. అంతే, ఇంకేం అడగడానికి లేదు. రేపు ఇంకో కాంటా వచ్చినా మార్పు నా దగ్గరే ఆగిపోతుంది. పెద్దాయన ఆ తర్వాత ఇంకో బండి తెచ్చాడు, చీటీ చూసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సహించింది.

ఇంకో చిక్కుంది, నీ సలహా కావాలి. బండ్లు ఒక్కసారిగా మీదపడితే బిల్లు భాగం అందుకోలేక కాంటా కూడా ఆగుతోంది. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోయే దారి ముందే ఉంటుంది కదా, మాకు ఆ మత్తడి లేదు. తూకం అయిందన్న కబురు మధ్యలో ఒక వరుసలో నిలబెట్టి, బిల్లు తీరిక చూసుకుని తీసుకుంటే? కానీ నెట్ పోయి వస్తే అదే కబురు రెండుసార్లు వస్తుంది, ఒక్క బండికి రెండు బిల్లులు. చీటీ నంబర్ చూసి రెండోది వదిలెయ్యమందామంటే, ఒకే చీటీకి మళ్లీ తూకం వేసిన రోజు...

మిల్లు నుంచి ఫోన్, కింద ఆటో హారన్ కొడుతున్నాడు. పుణె నుంచి ఎప్పుడొస్తున్నావో రాయి. భద్రకాళి చెరువు గట్టు మీద మన జాగా

నీ
రాజు